అందరికీ తెరుచుకునే సైటు మీ ఒక్క సిస్టంలో రావట్లేదా?

"సార్, పక్క టేబుల్ మీద వస్తోంది, ఫోన్లో వస్తోంది, నా సిస్టంలోనే సైటు రావట్లేదు. ఫార్మాట్ కొట్టించెయ్యమంటారా?"

కంప్యూటర్ సర్వీసింగు చేస్తున్న ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ నా జవాబు ఒకటే: వద్దు. విండోస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిస్తే ఆ సైటు రావచ్చు కూడా. కానీ దాంతోపాటు ట్యాలీలో బ్యాకప్ తీయని లెక్కలు, అను ఫాంట్లు, ఎక్కడా దొరకని పాత ప్రింటరు డ్రైవరు, డిజిటల్ సంతకం టోకెన్ కోసం నానా తంటాలు పడి పెట్టుకున్న సెట్టింగులు, డెస్క్‌టాప్ మీద వదిలేసిన పిల్లల ఫొటోలు, ఇవన్నీ పోతాయి. అసలు తప్పేమో చాలాసార్లు ఒక్క లైనంత, ఒక్క టిక్కు గుర్తంత ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక వరస ఉంది.

ఆ వరస అర్థం కావాలంటే సైటు తెరుచుకునేటప్పుడు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. కొత్త ఊళ్లో ఒకరింటికి వెళ్తున్నామనుకోండి. పేరు తెలుసు, డోర్ నంబరు తెలియదు. ముందు ఎవరినైనా అడిగి నంబరు కనుక్కోవాలి. ఆ ఇంటిదాకా దారి ఉండాలి. తలుపు తీసిన మనిషి మనం వెతుక్కుంటూ వచ్చిన మనిషేనని నమ్మకం కుదరాలి. అప్పుడు కూర్చుని మాట్లాడుకుంటాం. బ్రౌజరు చేసేదీ ఇదే. సైటు పేరుకి ఐపీ అడ్రసు కనుక్కుంటుంది, ఆ అడ్రసులో ఉన్న సర్వరుతో కనెక్షన్ కలుపుతుంది, సర్టిఫికెట్ చూసి అసలుదో కాదో తేల్చుకుంటుంది, ఆ తర్వాతే పేజీ తెచ్చి చూపిస్తుంది. మొత్తం నాలుగు మెట్లు. మీ సిస్టం ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెర మీద వచ్చే ఎర్రరే చెప్తుంది. అందుకని ఎర్రర్ కనబడగానే చిరాకుపడి మూసెయ్యకుండా ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

కింద చెప్పే కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, స్మాల్ లెటర్స్‌లో టైపు చేయాలి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని మూడు అక్షరాలు కొడితే వచ్చే నల్ల కిటికీయే కమాండ్ ప్రాంప్ట్. దాన్ని చూసి భయపడాల్సింది లేదు. మనం వాడబోయే కమాండ్లలో చాలావరకు అడిగి తెలుసుకునేవే, దేన్నీ మార్చేవి కావు.

ఫోన్లో వస్తోంది అంటే ఏ నెట్ మీద వస్తోంది?

అందరూ తడబడేది ఇక్కడే. ఫోన్లో సైటు వచ్చింది కాబట్టి సిస్టంలోనే తప్పుందని తేల్చేస్తారు. కానీ ఆ ఫోన్ మొబైల్ డేటా మీద ఉంటే ఆ పరీక్ష చెల్లదు. సిస్టం ఏ రూటరు మీద ఉందో ఫోన్‌ని కూడా అదే వైఫైకి కలపండి, మొబైల్ డేటా ఆపెయ్యండి, అప్పుడు సైటు తెరవండి.

వైఫై మీద ఫోన్లోనూ రాకుండా, డేటా మీద మాత్రం వస్తుంటే తప్పు మీ సిస్టంది కాదు, ఆ నెట్ కనెక్షన్‌ది. దీనికి నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటుంది. చిన్న ఆఫీసులకి సైటు, మెయిలు రెండూ ఒకే హోస్టింగ్ సర్వరు (సైట్లకి అద్దెకిచ్చే కంప్యూటరు) మీద ఉంటాయి. ఎవరో మెయిల్ పాస్‌వర్డ్ మారుస్తారు. ఒక సిస్టంలో అవుట్‌లుక్ మాత్రం పాత పాస్‌వర్డ్‌తోనే రోజంతా కొన్ని నిమిషాలకోసారి తలుపు తడుతూ ఉంటుంది. సర్వరు దాన్ని దొంగ ప్రయత్నం అనుకుని మీ ఆఫీసు ఐపీ అడ్రసునే అడ్డుకుంటుంది. ఇక ఆ ఆఫీసులో ఎవరికీ సైటు రాదు, బయట అందరికీ వస్తుంది. అవుట్‌లుక్‌లో పాస్‌వర్డ్ సరిచేయడం ముందు పని. మీ ఐపీని విడిపించమని హోస్టింగ్ వాళ్లని అడగడం తర్వాతి పని. వరస తిరగేస్తే విడిపించిన అరగంటకే మళ్లీ అడ్డుకుంటుంది.

అదే వైఫై మీద ఫోన్లో వస్తూ సిస్టంలో రాకపోతే ఇక సిస్టం మీద దృష్టి పెట్టొచ్చు. వెంటనే ఇంకో చిన్న పరీక్ష: క్రోమ్‌లో రాకపోతే ఎడ్జ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో చూడండి, క్రోమ్‌లోనే ఇన్‌కాగ్నిటో కిటికీలో కూడా చూడండి. ఇన్‌కాగ్నిటోలో వస్తే కుకీలో (సైటు మీ బ్రౌజర్లో దాచుకునే చిన్న గుర్తులు), ఎక్స్‌టెన్షనో (బ్రౌజరుకి తగిలించే చిన్న సాఫ్ట్‌వేరు) కారణం. అలాంటప్పుడు నేరుగా కింద సగం పేజీ గురించి రాసిన చోటికి వెళ్లిపోండి. ఏ బ్రౌజర్లోనూ రాకపోతే విండోస్ స్థాయిలో తప్పుంది. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష గంట పని మిగులుస్తుంది.

"డీఎన్ఎస్ ప్రోబ్ ఫినిష్డ్ ఎన్ఎక్స్ డొమైన్" అని వస్తే

ఇది మొదటి మెట్టు. పేరు చెప్తే డోర్ నంబరు చెప్పేదే డీఎన్ఎస్. అక్కడ ఆ నంబరు దొరకలేదన్నమాట. పక్క సిస్టంకి దొరికి దీనికి దొరకలేదంటే, ఈ సిస్టం వేరే ఎవరినో అడుగుతోంది, లేదా పాత జవాబునే పట్టుకుని కూర్చుంది.

పాత జవాబు చెరపడం సులువు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దానికి ఆనించి ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. బ్రౌజరు పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. కొత్తగా పెట్టిన సైటు, లేదా ఈమధ్యే సర్వరు మారిన సైటు అయితే చాలాసార్లు దీంతోనే వచ్చేస్తుంది.

రాలేదంటే ఈ సిస్టం ఎవరిని అడుగుతోందో చూడాలి. విండోస్ బటన్, ఆర్ అక్షరం కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ, చుక్క, సీపీఎల్ అని కొడితే నెట్‌వర్క్ అడాప్టర్లు కనబడతాయి. మీరు వాడుతున్న దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 తెరవండి. కింది సగంలో ఎవరో చేత్తో రాసిన డీఎన్ఎస్ నంబరు ఉంటే అదే కారణం కావచ్చు. ఎప్పుడో పాత నెట్ కంపెనీ మనిషి వచ్చి పెట్టి వెళ్లిన నంబరు, కంపెనీ మారాక కూడా అలాగే ఉండిపోతుంది. దాన్ని ఆటోమేటిక్ మీదకి మార్చండి. ప్రయత్నించి చూడటానికి గూగుల్ వాళ్ల 8.8.8.8 గానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 గానీ పెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: ఆఫీసు లోపల మాత్రమే తెరుచుకునే సైట్ల పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కే తెలుస్తాయి. 8.8.8.8 పెడితే బయటి సైటు వచ్చి లోపలి సైటు పోతుంది. హాజరు సైటో, లైబ్రరీ సైటో మీ ఒక్కరికే రావట్లేదంటే ఇలా చేత్తో పెట్టిన నంబరే కారణం కావచ్చు.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకి విండోస్‌ని పక్కనపెట్టి తమ సొంత డీఎన్ఎస్‌ని అడిగే అలవాటు కూడా ఉంటుంది. క్రోమ్ సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ఉండే యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్ ఒకసారి ఆపి చూడండి. ఒక బ్రౌజర్లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోవడానికి ఇదొక కారణం.

ఒక్క లైను కోసం రెండు రోజులు తిరిగిన కథ

ఒక జూనియర్ కాలేజీ ఆఫీసు. అడ్మిషన్లు జరుగుతున్న రోజులు. అయిదు సిస్టంలలో నాలుగింటిలో కాలేజీ సైటు వస్తోంది. దరఖాస్తులు డౌన్‌లోడ్ చేయాల్సిన గుమాస్తా గారి సిస్టంలో మాత్రం చాలాసేపు గుండ్రంగా తిరిగి "దిస్ సైట్ కాంట్ బి రీచ్డ్" అంటోంది, కింద "టైమ్డ్ అవుట్" అని ఉంది. మిగతా సైట్లన్నీ చక్కగా వస్తున్నాయి. "బాబూ, మొన్న శనివారం దాకా బానే ఉంది, సోమవారం వచ్చేసరికి ఇలా అయింది" అన్నారాయన.

నేను వెళ్లేసరికే నెట్ వాళ్లు వచ్చి రూటరు మార్చి వెళ్లారు. యాంటీవైరస్ తీసేశారు. బ్రౌజరు తీసి మళ్లీ వేశారు. ఇద్దరు మెకానిక్కులు ఫార్మాటే మార్గం అన్నారు. గుమాస్తా గారి సిస్టంలో పద్నాలుగేళ్ల ఫీజు లెక్కలున్నాయి. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం ఎంత మంచిదయిందో!

నేను రెండు కమాండ్లు కొట్టాను. మొదట పింగ్, ఖాళీ, సైటు పేరు. తర్వాత ఎన్ఎస్‌లుకప్, ఖాళీ, అదే పేరు. పింగ్ మొదటి లైనులో ఒక ఐపీ అడ్రసు చూపించింది. ఎన్ఎస్‌లుకప్ ఇంకో అడ్రసు చూపించింది. పక్క టేబుల్ మీద రెండు కమాండ్లకీ ఎన్ఎస్‌లుకప్ చెప్పిన అడ్రసే వచ్చింది. అక్కడితో విషయం తేలిపోయింది.

ఎందుకంటే ఎన్ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్ సర్వరునే అడుగుతుంది. పింగ్, బ్రౌజరు మాత్రం అలా కాదు, విండోస్ తనకి తెలుసన్న జవాబునే నమ్ముతాయి. విండోస్ బయట అడగడానికంటే ముందు తన దగ్గరున్న ఒక చిన్న ఫైలు చూసుకుంటుంది. దాని పేరు హోస్ట్స్. ఆ ఫైల్లో పేరు ఉంటే ఇక ఎవరినీ అడగదు.

ఈ ఫైలుకి పాత చరిత్ర ఉంది. ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్ రోజుల్లో ప్రతి కంప్యూటరు పేరూ, అడ్రసూ ఒకే ఫైల్లో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని నిర్వహించేది, అందరూ అక్కడినుంచి కాపీ తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగి అది మోయలేని బరువైతే, 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతి తయారుచేశాడు. పాత ఫైలు మాత్రం పోలేదు. విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ఇప్పటికీ ఉంది. డీఎన్ఎస్ కంటే దాని మాటే ముందు చెల్లుతుంది.

గుమాస్తా గారి హోస్ట్స్ ఫైల్లో అట్టడుగున ఒక్క లైను ఉంది: ఒక ఐపీ అడ్రసు, దాని పక్కన కాలేజీ సైటు పేరు. ఏడాది కిందట సైటుని కొత్త సర్వరుకి మార్చేటప్పుడు, ఆ పని చేసిన కుర్రాడు అందరికంటే ముందు కొత్త సర్వరులో సైటు ఎలా ఉందో చూసుకోవడానికి ఈ సిస్టంలో ఆ లైను రాశాడు. సైట్లు తయారుచేసేవాళ్లు మామూలుగా చేసే పనే, తప్పేమీ లేదు. పని అయ్యాక తీసెయ్యాల్సింది. తీయలేదు. అడ్రసు సరైనదే కాబట్టి ఏడాదిపాటు ఎవరికీ తేడా తెలియలేదు. ఆ శని ఆదివారాల్లో కాలేజీ మళ్లీ హోస్టింగ్ మార్చింది. ప్రపంచమంతా కొత్త ఇంటికి వెళ్లింది. గుమాస్తా గారి సిస్టం మాత్రం ఖాళీ అయిన పాత ఇంటి తలుపు తడుతూ నిలబడింది. నెట్ బాగుంది, బ్రౌజరు బాగుంది, రూటరు బాగుంది. ఏది మార్చినా ఫలితం లేకపోవడం అందుకే.

సరిచేసే పద్ధతి ఇది. స్టార్ట్ మెనూలో నోట్‌ప్యాడ్ వెతికి, రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. మామూలుగా తెరిస్తే సేవ్ కాదు. ఫైల్, ఓపెన్ నొక్కి సీ డ్రైవులో విండోస్, అందులో సిస్టం32, అందులో డ్రైవర్స్, అందులో ఈ, టీ, సీ అనే మూడక్షరాల ఫోల్డరుకి వెళ్లండి. ఫోల్డరు ఖాళీగా కనబడుతుంది, కంగారుపడొద్దు. కింద కుడివైపు టెక్స్ట్ డాక్యుమెంట్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే హోస్ట్స్ కనబడుతుంది. తెరవండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైన్లు ఉత్త వివరణలు, వాటిని విండోస్ పట్టించుకోదు. హ్యాష్ లేకుండా మీ సైటు పేరు ఏ లైనులో ఉందో చూసి, ఆ లైను ముందు హ్యాష్ పెట్టి సేవ్ చేయండి. చెరిపెయ్యడం కంటే ఇది మేలు, రేపు అవసరమైతే గుర్తు తీస్తే చాలు. తర్వాత ఫ్లష్‌డీఎన్ఎస్ ఒకసారి కొట్టి బ్రౌజరు మూసి తెరవండి.

ఆ ఫైల్లో మీకు అర్థం కాని లైన్లు కనబడొచ్చు. ఒక సైటు పేరుకి ఎదురుగా 127.0.0.1 అనో 0.0.0.0 అనో ఉంటే ఆ సైటుని ఈ సిస్టంలో రానివ్వకుండా ఎవరో అడ్డుకట్ట వేశారని అర్థం. దొంగ కాపీ సాఫ్ట్‌వేరు వేసేటప్పుడు దాంతో వచ్చే యాక్టివేటర్లు ఇలా రాస్తాయి, లైసెన్సు తనిఖీ జరగకుండా. కొన్ని వైరస్‌లు యాంటీవైరస్ కంపెనీల సైట్ల పేర్లన్నీ ఇక్కడ రాసి, మీరు మందు తెచ్చుకోకుండా చేస్తాయి. యాంటీవైరస్ సైట్లు ఒక్కటీ రాకపోతే లైను తీసేసి ఊరుకోవద్దు, సిస్టం మొత్తం స్కాన్ చేయించండి.

పింగ్, ఎన్ఎస్‌లుకప్ పోల్చేటప్పుడు పొరబడే చోట్లు రెండున్నాయి. ఎన్ఎస్‌లుకప్ పైన చూపించే అడ్రసు డీఎన్ఎస్ సర్వరుది, సాధారణంగా మీ రూటరుది. సైటు అడ్రసు దాని కింద ఉంటుంది. ఇంకోటి, గూగుల్ లాంటి పెద్ద సైట్లకి చాలా అడ్రసులుంటాయి. వాటికి రెండు జవాబులు వేరువేరుగా రావడం మామూలే. ఒకే సర్వరు మీద నడిచే చిన్న సైట్లకే ఈ పోలిక ఖాయంగా పనికొస్తుంది. పింగ్‌కి రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వచ్చినా బెంగపడొద్దు. చాలా సర్వర్లు పింగ్‌కి జవాబివ్వవు. మనకి కావాల్సింది మొదటి లైనులో ఉండే అడ్రసు మాత్రమే.

టైమ్డ్ అవుట్ వస్తోంది, రెండు అడ్రసులూ ఒకటే

ఇది రెండో మెట్టు. పింగ్, ఎన్ఎస్‌లుకప్ ఒకే అడ్రసు చూపిస్తే దారిలో అడ్డుంది. ఆ సిస్టంలో ఉన్న వీపీఎన్ (మీ నెట్‌ని ఇంకో సర్వరు మీదుగా తిప్పే సాఫ్ట్‌వేరు), ప్రాక్సీ (మీకూ సైటుకీ మధ్య నిలబడే సర్వరు), యాంటీవైరస్ ఫైర్‌వాల్ (వచ్చీపోయే నెట్‌కి కాపలా), ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా ఆపి చూడండి.

వీపీఎన్ గురించి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో అందరి ఫోన్లలో ప్రభుత్వ సైటు వస్తుంది, కంపెనీ ల్యాప్‌టాప్‌లో మాత్రం రాదు, లేదా "403 ఫర్‌బిడెన్" అంటుంది. మీరు కూర్చున్నది కూకట్‌పల్లిలోనే అయినా, వీపీఎన్ మీ నెట్‌ని అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్న కంపెనీ సర్వరు మీదుగా బయటికి పంపుతూ ఉండొచ్చు. మన దేశంలోని కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీలని రానివ్వవు. విదేశాల్లో ఉండి ఇక్కడి పొలం కాగితాలు చూసుకోబోయి విసిగిపోయే తెలుగువాళ్ల ఇబ్బంది కూడా చాలాసార్లు ఇదే. వీపీఎన్ ఆపే వీలుంటే ఆపి చూడండి. కంపెనీ ఒప్పుకోకపోతే ఆ ల్యాప్‌టాప్ సెట్టింగులు కెలక్కుండా సొంత సిస్టంలో పని చూసుకోండి.

ప్రాక్సీ సంగతి తొందరగా తేలుతుంది. విండోస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ. మీరు ఎప్పుడూ పెట్టని అడ్రసు అక్కడ ఆన్‌లో ఉంటే ఆపండి. కాసేపటికి దానంతట అదే మళ్లీ ఆన్ అయితే సిస్టంలో వైరస్ ఉందనే అనుమానించాలి.

"యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అంటే ముందు గడియారం చూడండి

ఇది మూడో మెట్టు. డోర్ నంబరు దొరికింది, దారీ ఉంది, తలుపు తీసిన మనిషి చూపించిన గుర్తింపు కార్డు మీద మీ సిస్టంకి నమ్మకం కుదరలేదు. మొట్టమొదట చూడాల్సింది తెర కింద మూలనున్న తేదీ. టైము కాదు, తేదీ. నెల, సంవత్సరం కూడా.

సర్టిఫికెట్‌కి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. సిస్టం గడియారం ఏళ్ల తరబడి వెనక్కి వెళ్లిపోతే దాదాపు ఏ సైటూ రాదు, కాబట్టి కారణం త్వరగా తెలుస్తుంది. కష్టపెట్టేది కొద్దిరోజుల తేడా. మీ సిస్టం తేదీ 15 రోజులు వెనక ఉందనుకోండి. వారం కిందట సర్టిఫికెట్ కొత్తది తెచ్చుకున్న సైటు మీకు రాదు. మీ సిస్టం లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు. నెల కిందట తెచ్చుకున్న సైట్లు మాత్రం హాయిగా వస్తుంటాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లని చాలా సైట్లు వాడతాయి. వాటి గడువు 90 రోజులకి మించదు కాబట్టి అవి తరచూ మారుతుంటాయి. ఒక్క సైటే రాకపోవడం, రెండు వారాల తర్వాత ఏమీ చేయకుండానే అదే రావడం, ఇంకోటి పోవడం, ఇలాంటి వింతలు చెప్పినప్పుడల్లా నేను ముందు తేదీ అడుగుతాను. ట్రయల్ సాఫ్ట్‌వేరు గడువు పొడిగించుకోవడానికి తేదీ వెనక్కి తిప్పి మర్చిపోయినవాళ్లని కూడా చూశాను. క్రోమ్ కొన్నిసార్లు "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని నేరుగానే చెప్తుంది.

సెట్టింగుల్లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో సెట్ టైమ్ ఆటోమేటికల్లీ ఆన్ చేసి, సింక్ నౌ నొక్కండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే ఉండాలి. టైము మన చేతి వాచీతో కలిసినా జోన్ అమెరికాదైతే సిస్టం అసలు లెక్క చాలా గంటలు తప్పుతుంది.

ప్రతి ఉదయం ఆన్ చేయగానే తేదీ మళ్లీ పాతకాలానికి వెళ్తుంటే మదర్‌బోర్డు మీదున్న నాణెం లాంటి బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్2032, 3 వోల్టులది, వాచీ షాపులో కూడా దొరుకుతుంది. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్లే షాపుల్లో, ఆఫీసుల్లో ఇది త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే కరెంటు లేని రాత్రంతా గడియారాన్ని నడిపేది ఆ బ్యాటరీ ఒక్కటే. ప్లగ్గు పీకి, పాతది ఏ వైపు పైకి ఉందో చూసుకుని, కొత్తది అలాగే పెట్టండి. తర్వాత బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) తేదీ ఒకసారి సరిచూసుకోండి.

తేదీ సరిగానే ఉండి కూడా ఈ ఎర్రర్ వస్తే, సిస్టం వయసు చూడాలి. గుర్తింపు కార్డు ఇచ్చిన సంస్థని నమ్మాలా వద్దా అని విండోస్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. అప్‌డేట్లు ఆపేసిన సిస్టంలో ఆ జాబితా పాతబడిపోతుంది. 2021 సెప్టెంబరు 30న సరిగ్గా ఇదే జరిగింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడుతున్న పాత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకి మూలమైనది) గడువు ఆరోజు ముగిసింది. కొత్త రూట్ గురించి తెలియని పాత కంప్యూటర్లలో, పాత ఫోన్లలో కొన్ని సైట్లు ఆగిపోయాయి. అప్‌డేట్లు లేని విండోస్ 7 సిస్టంలలో ఆ అవస్థ ఇప్పటికీ కనబడుతుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్‌లో దానికి వచ్చిన చివరి వెర్షన్ 109. అలాంటి సిస్టం మార్చే స్తోమత ఇప్పుడే లేకపోతే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేసి చూడండి. ఫైర్‌ఫాక్స్ విండోస్ జాబితా మీద ఆధారపడకుండా తన సొంత జాబితా తెచ్చుకుంటుంది, అందుకే విండోస్ జాబితానే నమ్మే పాత క్రోమ్‌లో రానిది అందులో రావచ్చు. అయితే బ్యాంకు పనులు ఆ సిస్టంలో పెట్టుకోవద్దు.

ఇంకో కారణం యాంటీవైరస్. కొన్ని యాంటీవైరస్‌లు మధ్యలో నిలబడి సైటు సర్టిఫికెట్ బదులు తమది చూపిస్తాయి. అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ తెరిస్తే ఇచ్చినవారి పేరు దగ్గర యాంటీవైరస్ పేరు కనబడుతుంది. దాని సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపి చూడండి.

ఈ ఎర్రర్ పేజీలో అడ్వాన్స్‌డ్ నొక్కితే "ప్రొసీడ్" అని ఒక దారి చూపిస్తుంది. చాలామంది అదే పరిష్కారం అనుకుని నొక్కేస్తారు. దయచేసి పాస్‌వర్డు, ఓటీపీ, కార్డు నంబరు అడిగే ఏ సైటుకైనా ఆ దారి పట్టొద్దు. నిజంగా ఎవరో మధ్యలో చొరబడినా వచ్చేది ఇదే ఎర్రర్, రెంటికీ తేడా మీకు తెలియదు.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఒకటుంది: సిస్టం కొత్తది, సైటు పాతది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసమే రాసిన కొన్ని ఆఫీసు సైట్లు కొత్త సిస్టంలో బటన్లు నొక్కినా పలకవు. ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ విరమించింది. ఎడ్జ్ సెట్టింగుల్లో డిఫాల్ట్ బ్రౌజర్ అనే చోట ఐఈ మోడ్‌కి అనుమతిచ్చి, సైటు తెరిచి రీలోడ్ ఇన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ నొక్కండి. మీరు చేర్చిన పేజీకి ఆ అనుమతి 30 రోజులే ఉంటుంది. నెల తర్వాత మళ్లీ రావట్లేదంటే సిస్టం పాడైందనుకోకండి, మళ్లీ చేర్చండి.

పేజీ సగం వచ్చి ఆగిపోతుంటే, తెల్లగా వస్తుంటే

నాలుగో మెట్టు. ఇంట్లోకి వెళ్లాం, మాటలు కుదరట్లేదు. ఇన్‌కాగ్నిటోలో వచ్చి మామూలుగా రాకపోతే ఆ ఒక్క సైటు కుకీలు తీసెయ్యండి. "టూ మెనీ రీడైరెక్ట్స్" అన్నా, "400 బ్యాడ్ రిక్వెస్ట్" అన్నా సాధారణంగా ఇదే మందు. అడ్రసుకి ఎడమపక్కనున్న గుర్తు నొక్కితే కుకీస్ అండ్ సైట్ డేటా కనబడుతుంది, అక్కడినుంచి ఆ సైటుది మాత్రం తీయొచ్చు. మొత్తం హిస్టరీ తుడిచే చోటికి వెళ్లి అన్ని టిక్కులూ పెట్టేస్తే, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లూ పోవచ్చు. కుకీలు తీసినా రాకపోతే ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటి ఆపుతూ చూడండి, ప్రకటనలు ఆపే దానితో మొదలుపెట్టి. పేజీ పాతదే కనబడుతుంటే కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే సరిపోతుంది.

ఇన్‌కాగ్నిటోలోనూ సగంలోనే ఆగుతూ, చిన్న పేజీలు వచ్చి పెద్ద పేజీలు రాకపోతే అది వేరే జబ్బు. నెట్‌లో సమాచారం పొట్లాలుగా వెళ్తుంది. మామూలుగా ఒక్కో పొట్లం 1500 బైట్ల దాకా ఉండొచ్చు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో 1492 దాకానే పడుతుంది. వీపీఎన్ ఉంటే ఇంకా తగ్గుతుంది. దారిలో ఎక్కడో పెద్ద పొట్లం ఇరుక్కుని, ఇరుక్కుందన్న కబురు కూడా వెనక్కి రాకపోతే పేజీ అలా వేలాడుతుంది. పింగ్ తర్వాత ఖాళీ వదిలి మైనస్ ఎఫ్, మళ్లీ ఖాళీ వదిలి మైనస్ ఎల్, ఆ తర్వాత 1472 (1500 బైట్ల పొట్లానికి సరిపడే కొలత), చివర 8.8.8.8 కొట్టి చూడండి. ఫ్రాగ్మెంట్ చేయాలి, అంటే పొట్లాన్ని ముక్కలు చేయాలి అన్న అర్థంతో జవాబొస్తే 1464 (1492కి సరిపడేది) పెట్టి చూడండి. అదే నెట్ మీద మిగతా సిస్టంలు బాగుంటే ఈ ఒక్కదాంట్లో పాత వీపీఎన్ సాఫ్ట్‌వేరు ఏదో అడాప్టరు కొలతలు మార్చి ఉంటుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయడం సగానికి సగం పరిష్కారం.

ఏదీ కుదరకపోతే

ముందు విండోస్‌లో ఇంకో యూజర్ అకౌంట్ కొత్తగా చేసి అందులో సైటు తెరిచి చూడండి. అందులో వస్తే తప్పు మీ యూజర్ ప్రొఫైల్లోనే ఉంది, ఫైళ్లు కొత్త అకౌంట్‌కి మార్చుకుంటే చాలు. అందులోనూ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్, విన్‌సాక్, రీసెట్ అని మూడు మాటలు ఖాళీలు వదులుతూ కొట్టి, సిస్టం రీస్టార్ట్ చేయండి. అన్నిటికంటే చివర సెట్టింగుల్లో నెట్‌వర్క్ రీసెట్. అది అడాప్టర్లన్నీ తీసి మళ్లీ పెడుతుంది, మీ ఫైళ్ల జోలికి రాదు. కానీ వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, చేత్తో పెట్టిన ఐపీ అడ్రసు పోతుంది, వీపీఎన్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. నొక్కే ముందు అవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇంకా రాకపోతే ఎవరినైనా పిలవండి. పిలిచేటప్పుడు ఎర్రర్ ఫొటో, పింగ్ చూపించిన అడ్రసు, ఎన్ఎస్‌లుకప్ చూపించిన అడ్రసు, సిస్టంలో కనబడుతున్న తేదీ, ఈ నాలుగూ వాట్సాప్‌లో పంపండి. పని తెలిసిన మనిషైతే చాలాసార్లు మీ ఇంటికి రాకుండానే కారణం చెప్పగలడు.

గుమాస్తా గారి సిస్టం ఇప్పటికీ అదే. హోస్ట్స్ ఫైల్లో ఆ లైను ముందు హ్యాష్ పెట్టి, పక్కనే ఆ రోజు తేదీ, ఎందుకు ఆపామో రెండు ముక్కలు రాసి వచ్చాను, నా తర్వాత ఆ ఫైలు తెరిచేవాళ్ల కోసం.